దారి చెప్పే మనిషి

బల్ల మీద ఊరుంది. రోడ్లకు నల్లరంగు, గీతలకు తెల్లరంగు, నడిమధ్య డబ్బామూత అంటించిన రౌండబౌట్. ఎమాలి ఊళ్ళోని డ్రైవింగ్ స్కూల్లో లైసెన్సు కావాలన్నవాళ్ళు ఎవరైనా సరే ముందు ఈ బల్లమీది ఊళ్ళో బొమ్మకారు నడిపి చూపించాలి. ముప్ఫై టన్నుల ట్రెయిలర్ తోలబోయేవాడికైనా ఇదే బల్ల, ఇదే బొమ్మకారు. మొద్దువేళ్ళతో దాన్ని పట్టుకుని "ఇప్పుడు అద్దం చూస్తున్నాను, ఇప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తున్నాను" అని పైకి చెబుతూ తోయాలి. మొంబాసా రోడ్డు మీద పులుల్లాంటి మొనగాళ్ళు కూడా ఈ బల్ల దగ్గర సిగ్గుతో నోరు పెగలక ఫెయిలైపోయారు.

కలుండేకు ఆ బాధ లేదు.

"అద్దం చూశా. కుడి ఇండికేటర్ వేశా. ఎదురుగా బస్సొస్తోంది, ఆగా. ఎడమపక్క చెప్పులకొట్టు ముందు ఇద్దరు పిల్లలున్నారు, ఒకడు దాటేలా ఉన్నాడు. వెనక బోడబోడా బైకువాడు ముగ్గుర్ని ఎక్కించుకుని దూరబోతున్నాడు..."

"ఆగమ్మా తల్లీ, ఆగు." ఓలూచ్ మాస్టారు చేతిలోని బెత్తంతో బల్ల అంచు మీద కొట్టాడు. "ఈ ఊళ్ళో చెప్పులకొట్టెక్కడుంది? పిల్లలెక్కడున్నారు?"

"ఉంటారు కద మాస్టారూ. రోడ్డన్నాక."

చుట్టూ నిలబడ్డ నలుగురు కుర్రాళ్ళూ పకపకా నవ్వారు. కలుండే కూడా నవ్వింది. ఆమెకు నలభై రెండేళ్ళు. ఆ నలుగురిలో పెద్దవాడికన్నా ఆమె కూతురు కనిని రెండేళ్ళు పెద్దది.

"సరే, ఇది చెప్పు," అన్నాడు మాస్టారు. "బండి చెడిపోయి రోడ్డు మీద ఆగిపోయింది. దిగగానే ఏం చేస్తావ్?"

"కొమ్మలు నరికి వెనక పరుస్తా."

ఈసారి మాస్టారికే నవ్వాగలేదు. ఆ రోడ్డు మీద అందరూ చేసేది అదే. మలుపులో పచ్చికొమ్మలు కనిపిస్తే ముందు లారీ ఆగి ఉందని మా పిల్లలకు కూడా తెలుసు.

"శుక్రవారం ఇన్‌స్పెక్టర్ లొక్వాంగ్ ముందు ఇలా అన్నావంటే ఆ కొమ్మతోనే తరుముతాడు నిన్ను. త్రిభుజాలమ్మా! ఎర్ర త్రిభుజాలు!"

"త్రిభుజాలు పెట్టిన పావుగంటకే మాయమవుతాయి మాస్టారూ. కొమ్మనెవరెత్తుకుపోతారు?"

"మేక," అన్నాడు వెనక నుంచి ఓ కుర్రాడు. ఇక ఆ పూటకు పాఠం సాగలేదు.

స్కూలు నుంచి లారీ యార్డుకు పది నిమిషాల నడక. ఆమె వెళ్ళేసరికి మొగుడు క్యాలో లారీ నీడలో బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని ముతొకోయి తింటున్నాడు. మొక్కజొన్న, బీన్సు కలిపి వండిన ఆ ముద్దను పొద్దున ఆమే డబ్బాలో పెట్టి వెళ్ళింది. కలుండే పక్క నుంచి నడిచొచ్చింది. రెండడుగుల దూరానికి వచ్చినా అతను తలెత్తలేదు. ఆమె కావాలని చెప్పు నేలకు రాసి చప్పుడు చేసింది.

"వచ్చావా? బొమ్మకారు గుద్దావా, లేదా?"

"గుద్దలేదు. కొమ్మల దగ్గర దొరికిపోయా."

అతను నవ్వుతూ తల వెనక్కి వాల్చాడు. ఆమె జేబులోంచి చిన్న సీసా తీసి రెండు కళ్ళలో ఒక్కో చుక్క వేసింది. ఇది రోజుకు రెండుసార్లు జరిగే పని. యార్డులో ఎవరైనా చూస్తే కళ్ళలో దుమ్ము పడిందంటారు. మచాకోస్ ఆసుపత్రి డాక్టరు మాత్రం నీటికాసులన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలన్నాడు. క్యాలోకు ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలు పోయాయి. వెదురుగొట్టంలోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉంటుందని ఒకసారి చెప్పాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చి పద్నాలుగు నెలలు. అంతకు ముందే కలుండే ఆ లారీలో సహాయకురాలిగా చేరింది. చక్రాలకు చెక్కలు పెట్టడం, తాళ్ళు బిగించడం, టార్పాలిన్ కప్పడం. ఆ పనికి మా దగ్గర టర్న్‌బాయ్ అని పేరు, మనవలున్నవాడు చేసినా, ఆడది చేసినా అదే పేరు. డాక్టరు మాట విన్న రోజు నుంచి ఆమెకు ఇంకో పని కూడా పడింది. ఎడమసీట్లో కూర్చుని దారి చెప్పడం. ఎడమ మేక. కుడి అద్దంలో బస్సు. ఎడమ సైకిలు, పాల క్యాన్లు. ఆమె చెబుతుంది, అతను తిప్పుతాడు. ఇద్దరూ కలిసి ఒక డ్రైవరు. ఈ సంగతి లారీ యజమాని సయీదా అమ్మకు తెలియదు, కూతురు కనినికి కూడా తెలియదు. కలుండేకు ట్రెయిలర్ లైసెన్సు వస్తే అతను మెల్లగా పక్కసీటుకు జరగొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. రాకపోతే లారీ పోతుంది, దానితో పాటు బతుకూ పోతుంది. అందుకే ఈ బల్ల, ఈ బొమ్మకారు.

"లే. వెనక్కి తోలడం చూపిస్తా," అని క్యాలో చేతులు కడుక్కున్నాడు.

ట్రెయిలర్‌ను ముందుకు ఎవరైనా తోలతారు. వెనక్కి తోలడంలోనే తెలుస్తుంది మనిషి పస. యార్డు చివర రెండు ఖాళీ డ్రమ్ములు నిలబెట్టారు. ఆ రెంటి మధ్యకు తోకను దూర్చాలి. కలుండే స్టీరింగ్ ముందు కూర్చుంది. క్యాలో కిందే ఉండి, ట్రెయిలర్ పక్కకు అరచెయ్యి ఆనించి దానితో పాటు నడవసాగాడు. ఎంత తిరిగిందో కంటితో కాక చేత్తో చూస్తున్నాడు.

"తోక కుడికి పోవాలంటే చక్రం?"

"ఎడమకి."

"మరెందుకు కుడికి తిప్పుతున్నావ్?"

"చెయ్యి దానంతటదే పోతోంది!"

"చేతికి చెప్పు, నీకు మొగుడు లేడా, ఎవరి మాటా వినవా అని. కొంచెం. ఇంకొంచెం. ఇప్పుడు దాని వెంటే పో. దాన్ని తరమకు, వెంటే పో."

డ్రమ్ము ఖణేలుమని దొర్లింది.

"దాన్ని పలకరించొచ్చావ్. మళ్ళీ తోలు."

ఆరోసారికి ట్రెయిలర్ రెండు డ్రమ్ముల మధ్యకు నింపాదిగా వెళ్ళి నిలబడింది. క్యాలో రెండు చేతులూ చాపి ఇటొక డ్రమ్మును, అటొక డ్రమ్మును తడిమి చూసుకున్నాడు. రెండు పక్కలా జానెడు ఖాళీ ఉంది. "ఇరవై ఆరేళ్ళ క్రితం నేను దీనికి మూడు వారాలు తీసుకున్నా," అన్నాడు. మొహం సంతోషంతో వెలిగిపోతోంది. కలుండే చూపు తిప్పుకుని ఇంజను ఆపింది.

బుధవారం నాడు సుల్తాన్ హముద్ ఊళ్ళో సిమెంటు దింపాలి. దగ్గరి దారే. క్యాలో తోలుతున్నాడు, కలుండే చెబుతోంది. ఒడిలో ఓలూచ్ మాస్టారి పుస్తకం ఉంది. చెప్పడానికి చెప్పడానికి మధ్య దాన్ని ఓరగా చూసుకుంటోంది. జీబ్రా గీతల దగ్గర ఎంత దూరంలో ఆగాలి? రైలుపట్టాల దగ్గర? పెదవులు కదుపుతూ బట్టీ పట్టింది. రైలుపట్టాల దగ్గరికి రాగానే వేగం తగ్గించి, కిటికీ దించి, రెండు వైపులా...

ఎడమపక్క ఏదో మెరిసింది. ఆమె "సైకి..." అనేలోపే క్యాన్ల చప్పుడు వినబడింది. క్యాలో బ్రేకు తొక్కాడు. లారీ ఊగి ఊగి ఆగింది.

పాలవాడు కాలువలో కూర్చుని ఉన్నాడు. సైకిలు మీద పడి ఉంది, రెండు క్యాన్లూ దొర్లి పాలన్నీ ఎర్రమట్టిలో ఇంకిపోతున్నాయి. కలుండే దూకి పరిగెత్తింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మరో మూరెడు రోడ్డు మీదికి ఉంటే 'అంతే' అనడానికి ఉండేది కాదు.

"కళ్ళు లేవా?" అతను లేస్తూనే అరిచాడు, లారీ దిగి వస్తున్న క్యాలో మీద. "నీకు కళ్ళు లేవా అయ్యా? నేనేం చీమనా కనబడకపోవడానికి?"

క్యాలో అతని ముందు నిలబడి టోపీ తీశాడు. "తప్పు నాదే తమ్ముడూ," అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు. పాల ఖరీదు పెట్టి, సైకిలు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని సరిచేసి ఇచ్చాడు. పాలవాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తప్పు తనదని కలుండేకు తెలుసు. తిరిగి ఎక్కాక ఆ మాటే అంది. "పుస్తకం చూస్తున్నా. నేను చెప్పలేదు. నాదే."

క్యాలో ఇంజను వేసి బండి కదిలించాడు.  ఆమె పుస్తకాన్ని సీటు కిందకు తోసేసి, సుల్తాన్ హముద్ వరకూ, మళ్ళీ అక్కడి నుంచి ఇంటి వరకూ రెప్ప వేయకుండా చెబుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. టీ పోయనా, పొయ్యి. చుక్కలు వేయనా, వెయ్యి.

శుక్రవారం ఇన్‌స్పెక్టర్ లొక్వాంగ్ వచ్చాడు. ఉత్తరాన తుర్కానా ఎడారి వైపు మనిషి, తాటిచెట్టంత పొడుగు, నవ్వడం నేర్చుకోని మొహం. పొద్దున్నుంచి ఆరుగురిలో నలుగుర్ని ఫెయిల్ చేసి, మధ్యలో టీ తాగాడు. బల్ల దగ్గర కలుండే బొమ్మకారును గడగడా చెబుతూ నడిపించింది, చెప్పులకొట్టు జోలికి పోలేదు. బండి చెడిపోతే ఏం చేస్తావని ఆయన అడగనే అడిగాడు. గది గుమ్మంలో ఓలూచ్ మాస్టారు ఊపిరి బిగబట్టాడు.

"త్రిభుజాలు పెడతా సార్."

"కొమ్మలు?"

"ఎవరైనా పరిస్తే ఏరేస్తా సార్."

ఆయన మూతి కొంచెం కదిలింది. "పద, బండి ఎక్కు," అన్నాడు.

స్కూలు వాళ్ళ పాత ట్రెయిలర్‌లో ఆయన ఎడమసీట్లో కూర్చుని మోకాళ్ళ మీద అట్ట పెట్టుకున్నాడు. కలుండే అద్దాలు సరిచేసుకుని గేరు వేసింది. మార్కెట్ రోజు. రోడ్డంతా జనం, గాడిద బళ్ళు, మామిడిపళ్ళ బుట్టలు. ఆమెకు భయం వేయలేదు. రోడ్డు మీద కళ్ళు పడగానే ఎక్కడలేని నిమ్మళం వచ్చింది.

"ఎడమ గాడిదబండి. కుడి అద్దంలో బస్సు, దాటుతోంది. ఎడమ ఆడమనిషి, నెత్తి మీద మూట, వెనక్కి చూడడం లేదు. ముందు గుంత..."

"ఏమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాకు కళ్ళున్నాయి."

ఆమె నోరు మూసుకుంది. ఒక నిమిషం గడిచిందో లేదో పెదవులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఎడమ మేక. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ కదిలాయి. ఆయన ఇక ఏమీ అనలేదు. రైలుపట్టాలు దాటారు, వంతెన దాటారు, ఆయన చూపించిన గోడౌన్ సందులోకి ఆమె ట్రెయిలర్‌ను వెనక్కి పెట్టింది, ఒకే ప్రయత్నంలో. చివర రోడ్డు వార ఆపమన్నాడు. ఆపింది.

ఆయన అట్ట మీద చాలాసేపు రాశాడు. తర్వాత పెన్ను మూత పెట్టుకున్నాడు.

"పాసయ్యావు. వచ్చే శుక్రవారానికి కాగితం వస్తుంది. అందాకా రోడ్డు మీద స్టీరింగ్ ముట్టుకోకు."

"ఆ దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి సార్!"

ఆయన దిగలేదు. అద్దంలోంచి రోడ్డును చూస్తూ కూర్చున్నాడు.

"మా నాన్నకు కళ్ళు పోయాయి," అన్నాడు. "మా వైపు దుమ్ము, ఈగలు. చాలామందికి పోతాయి. నాకు ఆరేళ్ళప్పటి నుంచి ఆయన కర్ర కొస పట్టుకుని నడిపించింది నేనే. రాయి నాన్నా, గుంత నాన్నా, ఇక్కడ ముళ్ళు. ఆయన పోయిన చాలా ఏళ్ళ వరకూ ఒంటరిగా నడిచేటప్పుడు కూడా నా నోరు అలా కదులుతూనే ఉండేది. నువ్వు మాట్లాడుతుంటే అదే విన్నా."

కలుండే రెండు చేతులతో స్టీరింగ్‌ను పట్టుకుంది.

"నేను పేర్లు అడగడం లేదు. నాకు కనపడనిది నేను రాయను," అన్నాడాయన, తలుపు తెరుస్తూ. "కానీ మేము నడిచి పోయేవాళ్ళమమ్మా. కాళ్ళ మీద. ముప్ఫై టన్నుల మీద కాదు."

స్కూలుకు తిరిగి రాగానే అందరూ వచ్చి చేతులు కలిపారు. ఓలూచ్ మాస్టారు ఆమె చేతిని ఊపి ఊపి వదిలాడు. కుర్రాళ్ళు మేకలా అరిచి ఏడిపించారు. ఇంటికి వెళ్ళి "పాసయ్యా" అని చెప్పగానే క్యాలో లేచి ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. ఆమె ఇన్‌స్పెక్టర్ అన్న చివరి మాట మాత్రం చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచి, టీ పెట్టనా అని అడిగింది.

శనివారం పొద్దున్నే మొంబాసా నుంచి సయీదా అమ్మ ఫోను.

"శుభవార్త విన్నా కలుండే. కాగితం ఎప్పుడొస్తుందన్నావ్?"

"వచ్చే శుక్రవారమంట అమ్మా."

"ఎరువు రేపే రేవులో దిగుతోంది, నా చేతిలో ఇంకో బండి లేదు. ఈ ఒక్క ట్రిప్పుకూ క్యాలోనే బండి ఇక్కడికి తీసుకొచ్చేయమను. వచ్చేవారం నుంచి ఇద్దరూ మార్చుకోండి. ఎప్పుడూ వచ్చే దారేగా."

"ఎప్పుడూ వచ్చే దారే," అంది కలుండే.

ఎండ ఇంకా ఎక్కలేదు. ఆమె చక్రాల కింది చెక్కలు తీసింది, టార్పాలిన్ మడత పెట్టింది, ఫ్లాస్కులో టీ నింపింది. క్యాలో ఎక్కి ఇంజను వేడి చేశాడు. ఆమె ఎడమసీట్లోకి ఎక్కింది. లారీ యార్డులోంచి మెల్లగా కదిలింది.

"ఎడమ?"

"ఖాళీ."

"కుడి?"

"టైర్లవాడి బకెట్. దాటాం."

గేటు దగ్గర ముందు చక్రాలు తారురోడ్డు అంచును తాకాయి. మొంబాసాకు మూడువందల యాభై కిలోమీటర్ల దారి. మధ్యలో ఎన్ని ఊళ్ళు, రోడ్డు దాటే పిల్లలు ఎంతమంది, పాలక్యాన్లు కట్టిన సైకిళ్ళు ఎన్నెన్ని. క్యాలో స్టీరింగ్ మీదికి వంగి గొట్టంలోంచి చూసేవాడిలా ఎదురుగా చూస్తున్నాడు.

"ఎడమ?" అన్నాడు.

ఎడమ రోడ్డంతా ఖాళీగా ఉంది. కనుచూపు మేరలో ఒక్క పురుగు లేదు.

"ఆపు," అంది కలుండే.

క్యాలో బ్రేకు తొక్కాడు. గాలి బుస్సుమంది. "ఏంటి? ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు."

"మరి?"

"ఏమీ రాలేదు కనిని నాన్నా. నువ్వు ఆపు. అంతే. ఇక తోలకు."

కోప్పడతాడనుకుంది. ఇరవై ఆరేళ్ళుగా తోలుతున్న డ్రైవరు, పెళ్ళాం నోటి నుంచి ఈ మాట వినాల్సి వచ్చింది. ఆమె కళ్ళు ఒడిలోకి దించుకుని ఆ తిట్లకోసం ఎదురుచూసింది. తాళంచెవి తిరిగిన చప్పుడైంది. ఇంజను ఆగిపోయింది.

"పద్నాలుగు నెలలు," అన్నాడు క్యాలో.

ఆమె తలెత్తింది. అతని మొహం తడిసిపోయి ఉంది.

"మేకన్నావ్. సైకిలన్నావ్. గుంతన్నావ్, బస్సన్నావ్. పద్నాలుగు నెలలుగా అన్నీ చెప్పావ్ కలుండే. ఈ ఒక్క మాట ఎప్పుడంటావా అని రోజూ ఎదురుచూశా. ఎక్కిన ప్రతిసారీ ఇవాళంటుంది, ఇవాళంటుంది అనుకున్నా."

"నువ్వే ఆపొచ్చుగా!"

"ఎలా ఆపను? నువ్వు కళ్ళు పీక్కుపోయేలా చూసి చెబుతుంటే, నాకు భయమేస్తోందని ఏ మొహంతో చెప్పను?"

"నువ్వంత ధైర్యంగా తోలుతుంటే నేనేం చెప్పను? నీ పరువు పోతుందనుకున్నా."

"ధైర్యమా?" క్యాలో చేతివెనకతో మొహం తుడుచుకున్నాడు. "గేరు మార్చిన ప్రతిసారీ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నా. మొన్న ఆ పాలవాడు కాలువలో కూర్చుని తిడుతుంటే, దేవుడా, తిట్టడానికి మిగిలాడు అనుకున్నా."

కలుండే పక్కకు జరిగి అతని చెయ్యి పట్టుకుంది. ఎంత ప్రేమ ఉంటే మాత్రం ఏం లాభం, ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఇంత దూరం వచ్చేశారు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. వెనక యార్డులోంచి ఇంకో లారీ వచ్చి నిలబడి హారను కొట్టింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఫోను చెయ్యడానికి ఆమె చెయ్యి చాపితే క్యాలో తీసేసుకున్నాడు. "నాకివ్వు. ఇది నేను చెప్పాలి."

"సయీదా అమ్మా, క్యాలోని. లేదమ్మా, బయల్దేరలేదు. బయల్దేరను కూడా. నాకు పక్కలు కనపడవమ్మా. పద్నాలుగు నెలలైంది. లేదు, బండికేం కాలేదు, మనుషులకేం కాలేదు. కాకముందే చెబుతున్నా."

అవతల సయీదా అమ్మ అరవడం మొదలుపెట్టింది.  ఆ అరుపులకు క్యాలో ఫోను చెవికి దూరంగా పెట్టుకుని, ఆవిడ ఎదురుగా ఉన్నట్టే తల ఊపుతూ కూర్చున్నాడు. తిట్లు మొంబాసా వాళ్ళవి, చాలా పొడుగ్గా ఉంటాయి.  లారీ పోయింది అనుకుంది కలుండే. పోనీ అనుకుంది. చివరికి గొంతు తగ్గింది. ఏదో అడిగింది. క్యాలో ఫోను ఆమెకందించాడు.

"నిన్నే."

"ఏమంటోంది?"

"ఈ లోడుకు ఈ బండికే ఇంకో డ్రైవర్ని పంపుతుందంట. నువ్వు మాట్లాడు."

"కలుండే," అంది సయీదా అమ్మ. తిట్టీ తిట్టీ ఆయాసపడుతోంది. "మీ ఇద్దర్నీ ఏం చేసినా పాపం లేదు. ఆ కాగితం శుక్రవారం పొద్దునొస్తుందా, సాయంత్రమొస్తుందా? లోడు ఏ రోజుకు చెప్పమంటావ్?"

"శనివారానికి చెప్పండమ్మా," అంది కలుండే. 

ఫోను పెట్టేసి తిరిగి చూసేసరికి క్యాలో సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి బరువుగా, ఒక తీరుగా వస్తోంది. ఆ సీట్లో అతను కళ్ళు మూసుకోగా ఆమె చూడడం ఎన్నాళ్ళకో.

వెనక హారను మళ్ళీ మోగింది. కలుండే తలుపు చప్పుడు కాకుండా తెరిచి, మెట్టు దిగి, వెనక లారీ దగ్గరకు నడిచింది. డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి చేతులు తిప్పుతున్నాడు.

"ఏంటక్కా? బండి చెడిపోయిందా?"

"బండి బాగానే ఉంది తమ్ముడూ. పది నిమిషాలాగు," అంది. "మా ఆయన నిద్రపోతున్నాడు."